చెయ్యి చాస్తే పారిపోయే మేకలు: గుంటూరు గోరంట్లలో ఒక మచ్చిక కేసు

ముందు కేసు వివరాలు. రెండు నాటు ఆడమేకలు, వయసు ఏడాదికి అటూఇటూ. ఒకటి నల్లది, నుదుటి మీద తెల్లచుక్క ఉంది కాబట్టి పేరు చుక్క. రెండోది గోధుమరంగు బోడి మేక, పేరు గంగ. పల్నాడు వైపు నుంచి మంద తోలుకొచ్చిన ఒక కాపరి దగ్గర కొన్నారు. ఇల్లు గుంటూరులో గోరంట్ల దాటాక, అమరావతి రోడ్డుకు కాస్త లోపల. చుట్టూ ఎత్తైన ప్రహరీ, రెండు వేపచెట్లు, ఒక మునగ. ఇంట్లో రిటైరైన మాస్టారు, ఆయన భార్య, వాళ్ల దగ్గరుండి చదువుకుంటున్న పదేళ్ల మనవడు. మాంసానికి కాదు, పాలకూ కాదు, ముచ్చటపడి పెంచుకుంటున్న జీవాలు.

మాస్టారు ఫోన్లో చెప్పిన మాట ఇది: “మేం పెట్టిన మేత తింటాయండీ. మమ్మల్ని చూస్తే మాత్రం దొంగల్ని చూసినట్టు పరిగెడతాయి. నాలుగు నెలలైంది డాక్టరుగారూ, ఇంకా ఎన్నాళ్లు?”

పెంపుడు మేకల ఇళ్లలో ఈ ప్రశ్న తరచూ వింటాను. చాలామంది ఇచ్చే సలహా “ఇంకా దగ్గరికి తీసుకోండి, అలవాటవుతుంది” అని. ఈ ఇంట్లో నాలుగు నెలలుగా జరుగుతున్నది అదే. దగ్గరికి తీసుకోవడం కాస్త తగ్గించండి అని చెప్పాల్సొచ్చింది.

దూరంగా కూర్చుని చూసింది

బెదురు మేక కేసు వస్తే అది భయమా, నొప్పా అన్నది ముందు తేల్చాలి. గిట్ట నొప్పిగా ఉన్న మేక, చూపు మందగించిన మేక, పురుగులతో రక్తం తగ్గిన మేక కూడా మనిషికి దూరంగానే నిలబడుతుంది. పట్టుకుని పరీక్ష చేద్దామంటే ఆ పట్టుకోవడమే ఇక్కడ జబ్బు. పైగా తరిమి పట్టుకున్న మేకకు థర్మామీటర్ పెడితే వచ్చే అంకెకు విలువ లేదు. మామూలుగా 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాల్సింది, పరుగుకీ ఎండకీ ఇట్టే పైకి పోతుంది. అందుకని మొదటి రోజు సంచి తెరవకుండా వరండా అరుగు మీద కూర్చున్నాను.

డొక్కలు చూసి ఊపిరి లెక్కపెట్టాను. రెండింటికీ నిమిషానికి ఇరవై పైచిలుకు, అంటే ఇబ్బంది లేదు. కొత్త మనిషినని మొదట లేచి నిలబడ్డాయి. కాసేపటికి చుక్క వేపచెట్టు కింద పడుకుని నెమరు మొదలుపెట్టింది. అప్పుడే మనవడు లోపలి నుంచి వరండాలోకి వచ్చాడు. వాడు మేకల వైపు అడుగు కూడా వెయ్యలేదు. చుక్క దవడ మాత్రం సగంలో ఆగిపోయింది. కింది దవడ ఒక పక్కకు జరిగి అలాగే ఉండిపోయింది, చెవులు రెండూ వాడి వైపు తిరిగాయి. వాడు లోపలికి వెళ్లిన కొంతసేపటికి దవడ మళ్లీ కదిలింది.

ఈ కేసంతా ఆ దవడ మీదే నడిపాను. మేక లేచి పరిగెత్తిన దూరాన్ని బట్టి దాని భయాన్ని కొలవడం అందరూ చేసేదే, కానీ పరుగు దాకా వచ్చిందంటే అప్పటికే ఆలస్యం. నెమరు ఆగడం దానికి చాలా ముందే వస్తుంది. పడుకుని నెమరు వేస్తున్న మేకకు ఆ క్షణాన భయం లేదు. ఎవరు ఎంత దూరంలో ఉంటే దవడ ఆగుతోందో చూస్తే ఆ ఇంట్లో ఎవరికి ఎంత నమ్మకముందో తెలిసిపోతుంది. మాస్టారికి వరండా గుమ్మం దగ్గరే ఆగింది. ఆయన భార్య బావి గట్టు మీద గిన్నెలు తోముతూ దాదాపు పక్కనే ఉన్నా ఆగలేదు.

“మీరంటే భయం లేనట్టుందే అమ్మా” అన్నాను.

“నేను వాటిని పట్టించుకోను కదండీ. ఆకు పడేసి నా పని నేను చూసుకుంటా” అన్నారామె.

గంగ సంగతి వేరు. అది నెమరుకే కూర్చోలేదు. ప్రహరీ మూల నిలబడి ముందుకాలు నేలకేసి కొడుతూ, ముక్కుతో తుమ్మినట్టు ‘ఛ్’మని చప్పుడు చేసింది. మేకలు ప్రమాదాన్ని పసిగట్టి తోటివాటికి చెప్పే చప్పుడు అది. విచిత్రం ఏమిటంటే, మెట్ల కింద ఉన్న కొట్టం వైపు వెళ్లినప్పుడల్లా, అక్కడ మనిషి లేకపోయినా, అలాగే తుమ్మింది. దాని సంగతి కిందికి వస్తుంది.

చుక్క ముందు ఎడమకాలు కాస్త జాగ్రత్తగా మోపుతోంది. గిట్టలు పెరిగి చివర్లు లోపలికి మడతపడ్డాయి. పల్నాటి రాళ్లలో మందతో తిరిగినప్పుడు వాటంతటవే అరిగేవి. ఇక్కడి మెత్తటి మట్టిలో అరగవు. నేల మీద తాజా పెంటికలు కొన్ని ఏరి పరీక్షకు పంపాను. మేకను తాకకుండా చేయగలిగే పరీక్ష ఇది. పురుగుల గుడ్లు కనిపించాయి కానీ వెంటనే కంగారుపడేంత కాదు. కనుక భయమే ప్రధానం, గిట్ట నొప్పి దానికి తోడు.

సాయంత్రం జరిగేది

“రాత్రికి ఎలా కట్టేస్తారు?” అని అడిగితే అసలు విషయం బయటపడింది. రోజూ సాయంత్రం ముగ్గురూ కలిసి రెండింటినీ ఒక మూలకు తోలతారు. మాస్టారు వెనక్కాలు దొరకబుచ్చుకుంటారు. మనవడు మెడ చుట్టూ చేతులేసి వాటేసుకుంటాడు. అలా కొట్టంలోకి నెట్టి గడియ వేస్తారు. పొద్దున కట్టేసి ఉన్నప్పుడే వాడు మళ్లీ వెళ్లి ముద్దు చేస్తాడు, ఎందుకంటే అప్పుడు పారిపోలేవు.

మేక వైపు నుంచి చూడండి. మందలో ఉన్నన్నాళ్లూ మనిషి చెయ్యి మీద పడిందంటే మందు పట్టడానికో, తోటిదాన్ని అమ్మడానికో. ఇక్కడికి వచ్చాక ప్రతి సాయంత్రం అదే తంతు. పొద్దున వాటేసుకునేది ప్రేమతోనని పిల్లవాడికి తెలుసు, మేకకు తెలియదు. మరిచిపోతుందిలే అనుకోవడానికీ లేదు. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో మేకలకు మీట లాగి, పైకెత్తి తిండి తీసుకోవడం నేర్పారు. 10 నెలల తర్వాత అదే పెట్టె ముందుకు తెస్తే చాలావరకు గుర్తుపెట్టుకుని తీసుకున్నాయి. మంచి అంత గుర్తుండే జీవికి చెడు మాత్రం గుర్తుండదా?

ఈలోగా పక్కింటాయన మాస్టారికి ఒక చిట్కా చెప్పి ఉన్నారు: గంగను విడిగా కట్టేసి రెండు పూటలు పస్తు పెడితే దారికొస్తుందని. అది వద్దని గట్టిగానే చెప్పాను. నెమరు వేసే జీవి పొట్ట ఎప్పుడూ పని చేస్తుండాలి, పస్తు పెట్టి తర్వాత ఒక్కసారిగా మేత వేస్తే ప్రమాదం. పైగా మేకను జత నుంచి విడదీస్తే భయం పెరుగుతుందే కానీ తగ్గదు. ఆకలికి లొంగి చేతిలోది తిన్న మేక ఆకలి తీరాక మళ్లీ పాత దూరానికే వెళ్తుంది.

ముందు కొట్టం

మనుషుల్ని మార్చేముందు కొట్టాన్ని మార్చాలి. మెట్ల కింద చీకటి. ఎండలోంచి వచ్చే మేకకు లోపల ఏముందో కనిపించదు. నేల గ్రానైట్, గిట్ట జారుతుంది. వేరే దారి లేని మూల కాబట్టి చుక్క గుమ్మంలో నిలబడితే గంగకు బయటపడే వీల్లేదు. గంగ తుమ్ము సంగతి అక్కడే తేలింది. నేను మోకాళ్ల మీద వంగి, మేక ముక్కు ఉండే ఎత్తులో తల పెట్టి ఊపిరి పీల్చాను. వెంటనే గొంతు పట్టేసింది. జారకుండా ఉంటుందని పరిచిన గోనెసంచులు మిర్చి యార్డు నుంచి తెచ్చిన పాత టిక్కీలవి, అంటే మిరపకాయలు నింపే బస్తాలవి! గుంటూరులో చవగ్గా దొరికే గోనె అదే మరి. మేక తొక్కినప్పుడల్లా కారం దుమ్ము లేస్తోంది. మనకు నిలబడి ఉంటే తెలియదు, జానెడెత్తులో తల పెట్టుకుని పడుకునేవాటికి రాత్రంతా ఘాటే. గంగ తుమ్ముల్లో సగం భయం, సగం మిరపకాయ అన్నమాట.

కొట్టాన్ని పెరటి వరండా కిందికి మార్పించాను. మట్టి నేల మీద వరిగడ్డి, రెండు వైపులా దారి, ఎక్కి పడుకోవడానికి ఒక పాత చెక్కబల్ల. గేటు పక్కనున్న గన్నేరు చెట్టు కొట్టేయించాను. మచ్చికకూ దానికీ సంబంధం లేదు, కానీ గన్నేరాకు మేక ప్రాణానికే ముప్పు, మేకలున్న ఇంట్లో అది ఉండకూడదు.

సాయంత్రం తరమడం ఆ రోజుతో బంద్. సాయంత్రపు ఆకు కట్ట కొట్టంలో మాత్రమే వేలాడుతుంది. వస్తే తింటాయి, రాకపోతే బయటే పడుకుంటాయి. ప్రహరీ ఎత్తు, గేటు కింద సందు, కుక్కలు దూరే వీలుందా అన్నది చుట్టూ తిరిగి చూసుకున్నాకే ఈ మాట చెప్పాను. అందరి ఇళ్లలో చెప్పలేను. మొదటి కొన్ని రాత్రులు రెండూ వేపచెట్టు కిందే పడుకున్నాయి. మాస్టారికి నిద్ర లేదు. వానపడ్డ ఒక సాయంత్రం అవే లోపలికి వెళ్లాయి. మేకకు తడవడం అసలు గిట్టదు.

ముగ్గుగీత

తర్వాతి పనిని మాస్టారి భార్యకు, అంటే మనవడి మామ్మకు అప్పగించాను. ఆ ఇంట్లో సగం దూరం ఆమె అప్పటికే నడిచి ఉంది. రోజుకో పూట, ఒకే వేళకు, పెరట్లో కుర్చీ వేసుకుని మేకలకు పక్కగా తిరిగి కూర్చోవాలి. ఎదురుగా కాదు, తేరిపార చూడకూడదు. పిలవకూడదు, చెయ్యి చాచకూడదు. మినప్పప్పు ఏరుకోవచ్చు. మేక కళ్లు తలకు రెండు పక్కలా ఉండి, కంటిపాప అడ్డంగా సాగి ఉంటుంది కాబట్టి వెనక కొద్ది భాగం తప్ప చుట్టూ కనిపిస్తుంది. దొంగచాటుగా వెనక నుంచి చేరదామనేవాళ్లు ముందే దొరికిపోతారు.

కుర్చీ ఎక్కడ వెయ్యాలి? దవడ ఆగని చోట. ఆ చోటు మర్నాటికి మరిచిపోకుండా మామ్మ తనంతట తానే ముగ్గుపిండితో గీత గీసింది. పొద్దున వాకిట్లో ముగ్గు అయ్యాక మిగిలిన పిండితో పెరట్లో ఒక గీత. కూర్చున్నంతసేపూ నెమరు ఆగకపోతే మర్నాడు గీత ఒక అడుగు ముందుకు. ఆగితే అడుగు వెనక్కి. నేను చెప్పిన పద్ధతి కంటే ఆమె గీతే బాగుంది, ఇప్పుడు అందరికీ అదే చెబుతున్నాను.

మనవడికి ఏదో ఒక పని ఇవ్వకపోతే ఇదంతా సాగదని తెలుసు. వాడికి ఒక నోటుబుక్కు ఇచ్చాను. కిటికీలోంచి చూసి, దవడ ఎన్నిసార్లు ఆగింది, ఎందుకు ఆగింది రాయాలి. “ప్రెషర్ కుక్కర్ విజిల్, చుక్క ఆపింది, గంగ లేచింది”, “తాతయ్య దగ్గాడు, రెండూ ఆపాయి” — ఇలా రాశాడు. నేను అడిగితే ఎవరూ చెప్పలేని వివరాలు అందులో ఉన్నాయి.

మేత విషయంలో ఒక గొడవ జరిగింది. మునగాకు, అవిశాకు, తుమ్మకాయలు తాయిలంగా పెట్టమన్నాను. వాడు మధ్యలో గుప్పెడు గుప్పెడు అన్నం పెట్టడం మొదలుపెట్టాడు. అన్నం మేకలకు ఇష్టమే. మన ఇళ్లలో శుభకార్యాల తర్వాత మిగిలిన అన్నం తిని చచ్చిపోయిన మేకల్ని చూసినవాణ్ని కాబట్టి ఇక్కడ మెతకగా మాట్లాడలేదు. గింజలు, అన్నం ఎక్కువగా పడితే పొట్టలో పులుపు పెరిగి, నెమరు ఆగి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. తాయిలమంటే రెండు తుమ్మకాయలు, అంతే.

చుక్క ముందు లొంగింది. గీత కుర్చీతో పాటు దగ్గరికి జరిగాక ఒకరోజు అదే లేచి వచ్చి చేటలో మూతి పెట్టింది. మామ్మ ముందే అనుకున్న ప్రకారం కదల్లేదు. కొన్నాళ్లకు ఒళ్లో ఉన్న తుమ్మకాయ తీసుకుంది, తర్వాత అరచేతిలోంచి. గంగ ఇదంతా దూరం నుంచి చూస్తోంది. ధైర్యం గల మేక ఏం చేసిందో చూసి పిరికిది నేర్చుకుంటుంది కనుక ఇది మంచిదే. కానీ గంగ రెండడుగులు వేస్తే చుక్క కొమ్ములతో తరిమేది. గంగకు కొమ్ములు కూడా లేవు. అందుకని తాయిలం రెండు చోట్ల, మధ్యలో చెట్టు అడ్డం వచ్చేలా పెట్టించాను. ఈ చిన్న మార్పు చెయ్యని ఇళ్లలో ఒకటి మచ్చికై, రెండోది ఎప్పటికీ మూలనే ఉండిపోతుంది. పాపం, దానికి మనుషులంటే భయమనుకుంటారు. నిజానికి భయం జతదంటే.

తాకడం ఎలాగో కూడా చెప్పాలి. నడినెత్తి, చెవులు, ముట్టె జోలికి పోకూడదు. మొదట చేతి వెనక వైపుతో, కింది నుంచి, మెడ పక్కనో రొమ్ము మీదో గోకాలి. మూడు లెక్కపెట్టి చెయ్యి తీసెయ్యాలి. మేక చేతి మీదికి వాలితే ఇంకోసారి. పక్కకు జరిగితే ఆ రోజుకు అయిపోయింది. చెయ్యి తీసెయ్యడమే ఇందులో కష్టమైన భాగం, ఎవరికీ చేతకాదు. నుదుటి మీద అరచేయి ఆనించి నెట్టే ఆట మాత్రం ఎప్పుడూ వద్దు. కుమ్మడం మనమే నేర్పినట్టవుతుంది, పోతుల విషయంలో అయితే మరీను.

మాస్టారి వంతు చివర్న వచ్చింది. ఆయన మొహం ఇప్పటికీ అటెండెన్స్ తీసుకుంటున్నట్టే ఉంటుంది. 2018లో ఇంగ్లండ్‌లోని ఒక మేకల సంరక్షణ కేంద్రంలో చేసిన అధ్యయనం గురించి సరదాగా చెప్పాను: ముక్కూమొహం తెలియని మనుషుల ఫొటోలు, ఒకటి నవ్వుతున్నది, ఒకటి కోపంగా ఉన్నది పక్కపక్కన పెడితే మేకలు నవ్వే మొహం దగ్గరికే ముందు వెళ్లాయని. నవ్వే ఫొటో కుడి వైపున ఉన్నప్పుడే ఆ తేడా స్పష్టంగా కనిపించింది కాబట్టి దాన్ని మరీ ఎక్కువగా నమ్ముకోకూడదు. అయినా మాస్టారు ఆ తర్వాత దగ్గు వచ్చినప్పుడు కండువా అడ్డం పెట్టుకోవడం, కుర్చీలో కూర్చునే మాట్లాడటం మొదలుపెట్టారు. నవ్వు సంగతి నేను చెప్పలేను.

మందు వేసిన రోజు

మచ్చిక సగంలో ఉండగా పురుగుల మందు తప్పనిసరైంది, గిట్టలు కూడా కొయ్యాలి. చాలా ఇళ్లలో ఇక్కడే మొత్తం పాడవుతుంది: తినిపించే చెయ్యే మందూ పోస్తుంది. ఇక్కడ మామ్మను ఆ వేళకు ఇంట్లోకి పంపేశాం. మందు వేసింది నేనూ, నా సహాయకుడూ. కుర్చీ ఉండే పెరట్లో కాదు, ముందు వాకిట్లో. పొద్దున కొట్టం తలుపు తెరవకముందే ఒక్కొక్కదాన్ని బయటికి తెచ్చాం, తరమకుండా పని అయ్యేది అప్పుడే. రెండోది కనిపించే దూరంలోనే ఉంచాం. మందు పట్టేటప్పుడు తల నేలకు సమాంతరంగా, ముట్టె కాస్త మాత్రమే పైకి. తల బాగా పైకెత్తి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దవడ పక్క సందులోంచి నెమ్మదిగా పోసి, మింగిన తర్వాతే మళ్లీ పోయాలి. గిట్టల చివర్లు కొద్దిగానే కోశాను, మిగతాది తర్వాతి విడతకు. అప్పుడే పళ్లు చూశాను: చుక్కకు ముందు పాలపళ్లు రెండు రాలి కొత్తవి వస్తున్నాయి, గంగవి అన్నీ పాలపళ్లే.

ఆ సాయంత్రం ముగ్గుగీత మూడడుగులు వెనక్కి పోయింది. అంతే. మామ్మ ఎప్పటిలాగే కూర్చుంది, వారం లోపే గీత తన చోటికొచ్చింది. నన్ను మాత్రం రెండూ చాలాకాలం క్షమించలేదు, గేటు దగ్గర నా బండి చప్పుడుకే నెమరు ఆపేవి. అది సరైన బేరమే. భయమంటూ ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా, డాక్టరు మీద పడితే నష్టం లేదు.

దీనికంటే పెద్ద దెబ్బ వినాయక నిమజ్జనం రోజు తగిలింది. వీధిలో డీజే, డప్పులు, టపాసులు. గంగ బెదిరి ప్రహరీకి కొట్టుకుని మోకాలు గీరుకుంది. తర్వాత కొన్ని రోజులు కొట్టంలోంచే బయటికి రాలేదు. ఇంట్లో టెన్షన్. మందేమీ ఇవ్వలేదు, గీతను మళ్లీ మొదటి చోటికి తీసుకెళ్లమన్నాను. మామ్మ విసుక్కోలేదు. ఈసారి ముందుకంటే త్వరగానే దగ్గరికి వచ్చింది. దీపావళికి మాత్రం ముందే జాగ్రత్తపడ్డాం: సాయంత్రమే లోపలికి, కొట్టం ముందు గోనెపట్టా కట్టి, రేడియో పెట్టి.

ఇప్పుడు

చుక్క ఇప్పుడు ముగ్గురి దగ్గరికీ వస్తుంది. మనవడి నోటుబుక్కులో ఒక ఎంట్రీ చూసి సంతోషమేసింది: తుమ్మకాయల డబ్బా మూత పెట్టి ఉంటే, చుక్క డబ్బాను మూతితో తట్టి, మామ్మ మొహం వైపు చూసిందట, మళ్లీ డబ్బా వైపు చూసిందట. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ పరిశోధకులు మేకల్లో గమనించింది ఇదే. తమవల్ల కాని పెట్టె ముందు నిలబడి, ఎదురుగా తమవైపే తిరిగి ఉన్న మనిషిని చూస్తాయి. మనిషి అటు తిరిగి ఉంటే అంతగా చూడవు. మనిషిని ప్రమాదంగా లెక్కేసే మేక ఆ పని చెయ్యదు.

గంగ మామ్మ చేతిలో తింటుంది, మెడ గోకనిస్తుంది. మాస్టారు కుర్చీలో కూర్చుంటే పక్కనే నెమరు వేస్తుంది, ఆయన లేస్తే లేస్తుంది. మనవణ్ని చేతికందే దూరం దాకా రానిస్తుంది, ఆపైన రానివ్వదు. “ఇది కూడా చుక్కలా అవుతుందా?” అని మాస్టారు అడిగారు. కాకపోవచ్చు అన్నాను. పిల్లగా ఉన్నప్పుడు మనిషి చెయ్యి అలవాటు కాని మేకల్లో కొన్ని అక్కడే ఆగుతాయి. వైద్యానికి అందుతోంది, రాత్రి తనంతట తాను కొట్టంలోకి వెళ్తోంది, నెమరు బాగుంది. వాటేసుకోనివ్వకపోవడం జబ్బు కాదు, దానికి చికిత్స అక్కర్లేదు.

చివరిసారి చూసినప్పుడు మామ్మ ముందు నిలబడి రొమ్ము గోకుతుంటే, కట్టకుండా, ఎవరూ పట్టుకోకుండా గంగ కింది కనురెప్ప లాగి చూశాను. లోపల మంచి గులాబీ రంగు, రక్తం సరిపడా ఉంది. ఉష్ణోగ్రత 102.2. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనిస్తే పొట్ట కదలిక నిమిషానికోసారి పైనే. చుక్క వెనకకాళ్ల గిట్టలు ఇంకో విడత కొయ్యాలి, ఈసారి చెక్కబల్ల మీద నిలబెట్టి ఒక్కో కాలు ఒక్కో రోజు చేద్దామని మాస్టారితో అనుకున్నాం. కాలు ఎత్తడం మనవడు రోజూ అలవాటు చేస్తున్నాడు, మూడు లెక్కపెట్టి వదిలేస్తున్నాడు.